కప్పు మీద పడని వాన

మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి: రెండు గాడిదలు, అందులో ఒకటి కుంటిది, మాసికలు వేసిన గోతాలు, సున్నం జల్లించే జల్లెడ, చూపు పోయిన తండ్రి, బాలకోటయ్య అన్న ఒక మాట. గాడిదలు చచ్చిపోయాయి. గోతాలు చిరిగాయి. జల్లెడను కారెంపూడి తిరునాళ్ళలో ఎవరో ఎత్తుకుపోయారు. మాట మాత్రం అట్లాగే ఉంది. ఎన్నాళ్ళు నిలవ ఉంచినా పాడుకాని సరుకు లోకంలో చాలా తక్కువ. పగ అందులో ఒకటని నాకు అప్పుడే తెలిసింది.

ఆ మాట ఎట్లా వచ్చిందో ముందు చెప్పాలి.

గురజాల అవతల వాగు మలుపు తిరిగే చోట బాలకోటయ్యకు సున్నపు బట్టీలు ఉండేవి. మా నాయన అంతోని అక్కడ పనివాడు. బట్టీలో కాల్చిన రాయికి తడి తగలకూడదు. తగిలితే ఉడుకుతుంది, పొంగుతుంది, పగిలి చిందుతుంది. అందుకని దాన్ని తీసిన వెంటనే కొట్టంలోకి చేరుస్తారు. ఒక మాఘమాసంలో, ఎవరూ అనుకోని వేళ వాన దిగింది. ఆరుబయట ఉన్న రాయినంతా లోపలికి మొయ్యమని బాలకోటయ్య కేకలు పెట్టాడు. మిగతావాళ్ళు చూరు కిందికి పరుగెత్తారు. మా నాయన పరుగెత్తలేదు. నిండు గంప తలకెత్తుకుని నడిచాడు. దారిలోనే గంపలో రాయి తడిసి ఉడికి ఆయన మొహం మీదికి కారింది. ఆముదం పోశారు, పాలు పోశారు. పొద్దు గుంకేలోగా చూపు పోయింది.

గాయాలు మానాక నేను ఆయన్ను చెయ్యి పట్టుకుని బాలకోటయ్య ఇంటికి తీసుకుపోయాను. నాకప్పుడు మీసం కూడా రాలేదు. వాకిట్లో నిలబడ్డాం. అరుగు మీద నలుగురైదుగురు పెద్దమనుషులు ఉన్నారు.

"అయ్యా, నీ పనిలో పోయినయ్యి కళ్ళు. పిల్లోడు ఇంకా చేతికి రాలా. ఏదన్నా దారి చూపించు," అన్నాడు మా నాయన.

బాలకోటయ్య ఆకువక్క నములుతూ విన్నాడు. ఆయన మొహంలో కోపం కూడా లేదు. నాకు బాగా గుర్తున్నది అదే.

"ఒరేయ్ అంతోనీ, నీ మొహాన సున్నం నేను పోశానంట్రా? పోసింది వాన. వాన నా కొట్లో సరుకా? మబ్బులు తోలేదీ, ఉరుములు ఉరిమించేదీ మా సర్వేశ్వరుడేనని మీ ఉపదేశి ఊరంతా చెప్పుకుంటా తిరుగుతాడు గదా! పో. పోయి ఆయన్నడుగు నీ కళ్ళు."

అరుగు మీదివాళ్ళు నవ్వారు. మా నాయన తల వంచుకుని, "అట్టాగేనయ్యా. ఆయన్నే అడుగుతా," అన్నాడు. వాళ్ళు మళ్ళీ నవ్వారు. నవ్విన ప్రతి మొహాన్నీ నేను గుర్తుపెట్టుకున్నాను గాని, వాళ్ళంతా చిల్లర. నా లెక్క ఒక్కడితోనే.

గాడిదల మీద తాంబూలంలోకి ఆకుసున్నం, గోడలకు కొట్టే వెల్లసున్నం వేసుకుని ఊరూరూ తిరిగాను. చిన్న బట్టీలవాళ్ళ దగ్గర సరుకు తీసుకుని, వాళ్ళు పోలేని ఊళ్ళకు పోయి అమ్మేవాణ్ణి. మాచర్ల దాకా, అవతల కృష్ణ ఒడ్డుదాకా నా గాడిదలు తెలియని ఊరు లేదు. తర్వాత ఒక ఎద్దుబండి, ఆ తర్వాత మూడు. వాగుకు ఎగువన మెరక మీద నాకూ ఒక కొట్టం ఏర్పడింది. ఫిరంగిపురం నుంచి ప్రేమమ్మను పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళలో బాలకోటయ్య గురించి నేను ఎవరి దగ్గరా చెడ్డ మాట అనలేదు. ఎదురుపడితే తలగుడ్డ తీసేవాణ్ణి. కొనదలచుకున్న సరుకు మీద కన్నున్నట్టు అమ్మేవాడికి తెలియనివ్వకూడదు.

మా నాయన రోజూ పొద్దున్నే మంచం మీద కూర్చుని జపమాల తిప్పేవాడు. అందరి ఆత్మల కోసం జపిస్తున్నాడని నేను అనుకునేవాణ్ణి.

ఇట్లా ఒక పుష్కరం గడిచింది. యుద్ధం వచ్చింది. ఇనపరేకులన్నీ పట్టాళానికి పోయాయి. రైలు పెట్టెలు కూడా వాళ్ళకే. అటువంటి రోజుల్లో నరసరావుపేటలో సర్కారు కట్టించే ధాన్యం గోదాములకు సున్నం సరఫరా బాలకోటయ్యకు దక్కింది. పెట్టెలు దొరికేదాకా సరుకు దాచిపెట్టుకోవాలి. ఏడాది పొడుగునా కాల్చిన రాయినంతా గోతాలకెత్తించి, వాగు పక్కన ఉన్న పెద్ద కొట్టంలో నేల నుంచి వాసాల దాకా పేర్పించాడు. తనకున్నదంతా అందులో పెట్టాడని బజారంతా అనుకున్నారు. నేను వెళ్ళి చూసింది గోతాలను కాదు, కప్పును. తాటాకు కప్పు. మూడేళ్ళుగా ఎండకు చివికింది. లోపల నిలబడితే ఆకాశం ముక్కలు ముక్కలుగా కనపడుతోంది. కప్పు మార్చాల్సి వచ్చినప్పుడల్లా రోహిణి కార్తె వచ్చేదాకా ఆగి, ఆకు చవగ్గా పడ్డాక కప్పించడం బాలకోటయ్య అలవాటు.

నేను రోహిణిదాకా ఆగలేదు. చెట్లెక్కక ముందే చుట్టుపక్కల కల్లుగీత పనివాళ్ళందరి దగ్గరికీ పోయి ఆ ఏడాది ఆకంతా మాట్లాడుకున్నాను. దాచేపల్లి వైపు, కారెంపూడి వైపు, ఇటు మాచర్ల బాటన, కొట్టిన ఆకు కొట్టినట్టు నా బండ్ల మీద మా మెరక చేరింది. కొట్టం నిండింది, వాకిలి నిండింది.

"ఏందయ్యా ఇది! మనం మనుషులమా, తేళ్ళమా?" అని ప్రేమమ్మ ఒకటే గొడవ. "పొయ్యి దగ్గరికి పోవాలంటే ఆకు దూకాలి. మంచం ఎక్కాలంటే ఆకు దూకాలి. రేపు నేను చస్తే పక్క ఊరోళ్ళ ఆకు అడుక్కొచ్చి పాడె కడతావా, ఇందులోది తీస్తావా?"

"నీకైతే ఇందులోదే తీస్తాలేవే," అన్నాను.

అనుకున్నట్టే రోహిణి వచ్చింది, అనుకున్నట్టే మీరా సాహెబు వచ్చాడు. బాలకోటయ్య బండ్లన్నిటికీ ఆయనే మేస్త్రి. మాటకారి, మంచివాడు. ఎవరి గుట్టు ఎవరికీ చెప్పడు.

"ఏందయ్యా శౌరీ, తాటిచెట్లేమన్నా నీకు మేనమామలా? ఏ ఊరు పోయినా 'ఆకు శౌరికిచ్చేశాం' అంటన్నారే!"

"ఆకంటే నాకు ప్రాణం సాయిబూ."

"నీకు ప్రాణం. మా అయ్యకి ప్రాణం మీదికొచ్చింది. రేటు నిన్నే చెప్పమన్నాడు."

"రేటు లేదు. అమ్మను."

"మరేం జేస్తావ్?"

"ఎద్దులకి పెడతా."

"ఎద్దులు తాటాకు తినవయ్యా! బండ్లు తోలేవాడితోనా చెప్పేది?"

"నేర్పుతా."

మీరా సాహెబు పకపకా నవ్వి, తర్వాత నవ్వు ఆపేసి గొంతు తగ్గించాడు. "ఎందుకో నాకు తెలుసులే. ఆ రోజు నేనూ ఆ వాకిట్లో బండి కట్టుకుంటా ఉన్నా. నన్నేం జెప్పమంటావో అది చెప్పు."

"మీ అయ్యను రమ్మను. మా వాకిట్లో, మా నాయన మంచం పక్కన, కింద కూర్చుని అడగమను. అప్పుడు చూస్తా."

"రాడు."

"రాడని నాకూ తెలుసు. అందుకే ఆ షరతు పెట్టింది."

ఆయన తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళంతా తేలికైంది. ఇక కావలసింది వాన ఒక్కటే. పల్నాట్లో మూడేళ్ళుగా సరైన వాన లేదు గాని, ఎంత లేకపోయినా ఆరుద్రకు ఒక జల్లన్నా పడక మానదు. ఆ కప్పుకు జల్లు చాలు.

"ఒరేయ్ శౌరీ, ఇట్టా రా," అని మా నాయన పిలిచాడు. వేపచెట్టు నీడలో మంచం మీద పడుకుని అంతా విన్నాడు. "ఈ ఆకంతా కొన్నది వాడి కప్పు కోసమా?"

"ఔను నాయనా." మెచ్చుకుంటాడని నిలబడ్డాను.

చేతికర్ర తీసి విసిరాడు. చూపు లేదు గనక అది నాకు తగలకుండా పోయి నీళ్ళ కుండను పగలగొట్టింది.

"పన్నెండేళ్ళు కావలి కాసిన చేనురా నాది! ఒక్క పూటలో దున్ని పారేశావు గదరా!"

"నీకోసమే గదా చేసింది!"

"నాకోసమా? వాడేమన్నాడు? వాన మీ దేవుడిది, పోయి ఆయన్నడుగు అన్నాడు. నేను అడగతా ఉన్నా. ఒక్కరోజు మానకుండా అడగతా ఉన్నా. ఇప్పుడు వాన పడి వాడి రాయి పోయిందనుకో. ఎవరు చేసినట్టు? శౌరిగాడు ఆకు దాచాడు, వాడి కప్పు కారింది. అంతేగా? సర్వేశ్వరుడు నీ దగ్గర కూలికొచ్చినట్టయిద్ది."

అప్పుడు తెలిసింది ఆయన జపం దేనికో.

"ఎవరు చేస్తే ఏంది నాయనా? వాడు పోవాలి, అంతేగా."

"నీకు వాడు పోతే చాలు. నాకు చాలదు. ఎవరు కొట్టారో వాడికి తెలియాలి."

ఇక్కడ ఏలియా సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కింద ఒక ఆదివారం మా గుళ్ళో బైబిలు బోధించే ఉపదేశి ఆ కథ చెప్పాడు. ఏలియా ప్రవక్త మాట మీద ఏళ్ళ తరబడి వాన ఆగిపోయింది. తర్వాత కొండ మీద రెండు బలిపీఠాలు కట్టారు. ఎవరి దేవుడు నిప్పు పంపితే ఆయనే నిజమైన దేవుడని పందెం. అవతలివాళ్ళు మధ్యాహ్నం దాకా అరిచారు, ఏమీ రాలేదు. ఏలియా మాత్రం తన కట్టెల మీద కడవలతో నీళ్ళు గుమ్మరించి, చుట్టూ తవ్విన కాలవ నిండేదాకా పోయించి, అప్పుడు ప్రార్థించాడు. నిప్పు దిగి కట్టెల్నీ, రాళ్ళనీ, నీళ్ళనీ కూడా కాల్చేసింది. కథ ముగియగానే మా నాయన గుళ్ళో లేచి, "ఉపదేశి అయ్యా, అవి కాల్చిన సున్నపురాళ్ళయి ఉంటయ్యి. నీళ్ళు పోస్తే నిప్పు రాకేం జేసిద్ది?" అన్నాడు. గుడంతా నవ్వింది. సర్వేశ్వరుడి మహిమలో సున్నం కలపవద్దని ఉపదేశి చీవాట్లు పెట్టాడు. మా నాయన ఊరుకున్నాడు గాని ఆ కథను వదల్లేదని నాకు ఇప్పుడు తెలిసింది.

"ఏలియా కథ గుర్తుందా? రాళ్ళ సంగతి వదిలెయ్," అన్నాడు. "ఆయన నీళ్ళెందుకు పోశాడు? కట్టెల కింద ఎవడో నిప్పు దాచాడని రేపు ఎవడన్నా అంటాడని. అనుమానానికి సందు లేకుండా తడిపి, అప్పుడు అడిగాడు. నువ్వు నిప్పు దాచావురా. ముందు అది తీసెయ్."

"ఏం జెయ్యమంటావు?"

"ఆకంతా వాడికిచ్చెయ్. ఊరికే ఇచ్చెయ్. ఒక వరస కాదు, రెండు వరసలు కప్పించు. ఎంత వాన పడ్డా చుక్క దిగకూడదు. అప్పుడు అడుగుతా నేను."

నేను చాలాసేపు వాదించాను. ప్రేమమ్మ కూడా, "మామా, ఇంత ఆకు ఎవరన్నా పగోడికి ఊరికే ఇస్తారా? నీ దేవుడికి మాత్రం చెయ్యి సాయం వద్దా?" అంది.

"ఆయనకు సాయమా! పిచ్చిదానా, సముద్రాన్ని రెండుగా చీల్చినాయనకి నీ మొగుడి తాటాకు కావాలా?" అని మా నాయన నా వైపు తిరిగాడు. "ఇదిగో శౌరీ, ఒకటే చెబుతున్నా. నువ్వు ఆకియ్యకపోతే రేపు పొద్దున్నే వాడింటికి పోతా. నడిబజార్లో వాడి చెయ్యి పట్టుకుని క్షమించేశానని చెప్పొస్తా. తర్వాత నీ ఆకు నువ్వు ఏం జేసుకుంటావో చేసుకో."

ఆయన అన్నంత పనీ చేస్తాడని నాకు తెలుసు. క్షమిస్తే అంతా పోతుంది. ఆకిస్తే, ఆయన అడిగేదన్నా మిగులుతుంది. ఏ వ్యాపారికైనా తెలిసే లెక్క అది. మర్నాడు బండ్లు కట్టాను.

బాలకోటయ్య కొట్టం ముందు నిలబడి బండ్లను చూశాడు. ఒక ఆకు తీసి వాసన చూశాడు, విరిచి చూశాడు, ఎండకు పెట్టి చూశాడు.

"ఊరికే ఎందుకిస్తన్నావురా?"

"మా నాయన ఇమ్మన్నాడు."

"మతిపోయిందా ఆయనకి?"

"అదే నేనూ అడిగా."

నమ్మలేకపోయాడు గాని వదులుకోలేకపోయాడు. కప్పేవాళ్ళు పైకెక్కారు. మా నాయన తనను అక్కడికి తీసుకుపొమ్మన్నాడు. చూరు దగ్గర నిలబెట్టాను. చెయ్యెత్తి ఆకు మందం వేళ్ళతో కొలిచి, "ఒరేయ్ అబ్బాయిలూ, ఇంకో వరస వెయ్యండి. పైన సందున్నట్టుంది," అన్నాడు.

బాలకోటయ్య నవ్వాడు. "ఏరా అంతోనీ, కళ్ళున్నోళ్ళకంటే బాగా చూస్తన్నావే! ఇంత మంచితనం ఎప్పటి నుంచి?"

"మంచితనం కాదయ్యా. నీ కప్పులో ఇంక నా కొడుకు పాపమేమీ లేదు. అది చూసుకోవటానికొచ్చా."

ఆ మాట అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. కప్పు దిట్టంగా తయారైంది. అందరం తలలెత్తి దాన్నే చూశాం. పక్కనే వాగు. మూడేళ్ళుగా ఎండిపోయి ఇసక తేలి ఉంది. అందులో మేకలు పడుకుని ఉన్నాయి. ఆ వైపు ఒక్కరం కూడా చూడలేదు.

మృగశిర ఎండలతోనే పోయింది. రోజూ మధ్యాహ్నం మబ్బు కమ్మేది, గాలి లేచేది, ఎక్కడికో తేలిపోయేది. రైతులు ఆకాశం వైపు చూసి ఉమ్మేస్తున్నారు. మా నాయన జపమాల తిప్పుతూనే ఉన్నాడు. మామూలుగా ఆకు కప్పిన కొన్నాళ్ళకు వాన పడి మెత్తబడుతుంది. ఆ ఏడు మూడు వరసల ఆకూ ఎండకు ఎండి, గాలి వీస్తే గలగలమనేది. ఒకరోజు నాకు ఒళ్ళు మండి, "నాయనా, నీ సర్వేశ్వరుడికి నా తాటాకు అడ్డమొచ్చినట్టుంది," అన్నాను.

"ఆయనకి తొందర లేదురా. నీకుంది," అన్నాడు.

ఆరుద్రలో గురజాల సంత రోజున అది జరిగింది. బట్టీవాళ్ళంతా సంతకు పోయారు. కొట్టం దగ్గర బాలకోటయ్యా, లెక్కలు చూడటానికి బస్తీ నుంచి వచ్చిన ఆయన బావమరుదులిద్దరూ ఉన్నారు. మా మీద ఎండ కాస్తోంది. కారెంపూడి వైపు కొండలు మాత్రం కాటుకలా నల్లగా ఉన్నాయి. ముందు విన్నది ప్రేమమ్మ. "రైలు ఈ యాళప్పుడొస్తదా?" అంది. అది రైలు కాదు, వాగు.

ఎర్రటి నీళ్ళు కంపచెట్లను దొర్లించుకుంటూ వచ్చాయి. మలుపు దగ్గర తిరగలేక గట్టు దాటాయి. కొట్టం గోడలు తడికలవి. వాటి కిందుగా నీళ్ళు లోపలికి జొరబడ్డాయి. మోకాలి లోతు కూడా లేవు. అవి చాలు. ముందు తెల్లటి ఆవిరి లేచింది. తర్వాత గోతాలు పగులుతున్న చప్పుడు. అడుగు వరస ఉడికి పొంగి, పైవరసలను ఎత్తి పడేసింది. గోతాలు కమిలి అంటుకున్నాయి, వాటి నుంచి తడికలు, తడికల నుంచి కప్పు. మూడు వరసల ఎండుటాకు. ఒక్కసారి భగ్గుమంది. దాని మోత మా మెరకదాకా వినిపించింది. బస్తీ బావమరుదులకు ఏం తెలుసు! వాగునీళ్ళు కుండలతో ముంచి లోపలికి చల్లుతున్నారు. చల్లిన ప్రతి కుండకూ ఇంకొక గోతం పేలుతోంది. సంత నుంచి పరుగెత్తుకొస్తున్న బట్టీవాళ్ళు దూరం నుంచే, "నీళ్ళొద్దయ్యో! నీళ్ళు పొయ్యొద్దు!" అని గుండెలు బాదుకున్నారు.

మా నాయన నా భుజం పట్టుకుని మెరక మీద నిలబడ్డాడు.

"వాన ఎంత గట్టిగా పడతంది?"

"పడటంలా నాయనా. ఒక్క చినుకు లేదు. ఎండ కాస్తంది."

"కప్పు కారిందా?"

"కారలా. కప్పు తడవనే లేదు."

"మరి నీళ్ళెక్కడియ్యి?"

"కొండల మీద కురిసినట్టుంది. వాగొచ్చింది. కింద నుంచి పోయినయ్యి."

ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మళ్ళీ చెప్పు," అన్నాడు. మళ్ళీ చెప్పాను. "మొదటి నుంచి చెప్పు." చెప్పాను. మొహం ఆ వైపుకు పెట్టి సెగ కాగుతూ చాలాసేపు నిలబడ్డాడు. ఆయన మొహంలో అంత సుఖం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు. నిజం చెబుతున్నాను, నాకూ అట్లాగే ఉంది.

మనిషికి గాని, గొడ్డుకు గాని దెబ్బ తగల్లేదు. సున్నం, గోతం, కొట్టం ఏమీ మిగల్లేదు. గోదాముల సరఫరా పోయింది.

బాలకోటయ్య చావడిలో తగువు పెట్టాడు, నా మీద. మునసబు నాగయ్యగారు నన్ను నిలబెట్టి, "ఏమయ్యా శౌరీ, అంత ఆకు ఊరికే ఎందుకిచ్చావు?" అని అడిగారు.

"మా నాయన ఇమ్మన్నాడండీ. వాగు వస్తదని నాకు తెలియదు."

ఏదైనా అబద్ధం చెబితే నమ్మేవాళ్ళు. వ్యాపారం చేసేవాడు ఊరికే ఇచ్చానంటే ఎవరు నమ్ముతారు? "ఎండుటాకు మూడు వరసలు. చితి పేర్చినట్టు పేర్చాడయ్యా," అని ఒకడన్నాడు. "పన్నెండేళ్ళ నుంచి తలగుడ్డ తీసి దణ్ణం పెడతంటే నేను అప్పుడే అనుకున్నా," అని ఇంకొకడు. వాళ్ళ మాటల్లో తిట్టు ఎంత ఉందో మెప్పూ అంతే ఉంది. నాకు లోపల కొంచెం బాగానే ఉంది. నష్టం నా చేత కట్టించాలని బాలకోటయ్య గట్టిగా అరుస్తున్నాడు.

మా నాయనకు మాత్రం నిప్పు తొక్కినట్టయింది. కర్ర తాటించి లేచాడు.

"మునసబుగారూ, నా కొడుక్కి అంత తెలివి లేదు!"

అందరూ గొల్లుమన్నారు.

"నవ్వండి. కారెంపూడి కొండ మీద వీడు కుండలు బోర్లించాడా? ఇక్కడ చినుకు పడకుండా వీడు గొడుగు పట్టాడా? వాగుని మలుపు దగ్గర వీడు మెడ బట్టి తోశాడా? అడిగింది నేను. చేసింది ఆయన. నా కొడుకు ఇందులో బండి తోలినోడు, అంతే." మొహం బాలకోటయ్య గొంతు వచ్చిన వైపుకు తిప్పాడు. "బాలకోటయ్యా! ఈళ్ళకి తెలియకపోతే పోనియ్. నీకు తెలుసు."

అయ్యా అనలేదు, గారూ అనలేదు.

బాలకోటయ్య ఏదో అనబోయి మా నాయన మొహం వైపు చూశాడు. పన్నెండేళ్ళలో ఆయన ఆ మొహాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలనుకుంటాను. తెల్లగా, ఉడికిన గుడ్ల మాదిరిగా ఉన్న ఆ కళ్ళు. చూస్తూ చూస్తూ ఆయన చెయ్యి తన కళ్ళ మీదికి తనంతట తానే పోయింది. బల్ల దిగి వచ్చాడు. మా నాయన కాళ్ళ ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను గనక విన్నాను.

"అంతోనీ, ఇంకేమన్నా అడిగావా?"

మా నాయన కర్రను గోడకు ఆనించాడు.

"నా కళ్ళు గాని అడిగావా?"

మా నాయన తీరిగ్గా తలగుడ్డ దులుపుకున్నాడు. "పన్నెండేళ్ళాయె. చానా అడిగా. అన్నీ గుర్తుండొద్దా!" అన్నాడు.

బాలకోటయ్య లేచి, ఈ తగువు తనకు వద్దని మునసబుగారికి చెప్పి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికి వస్తూ దారిలో, "నిజం చెప్పు నాయనా. అడిగావా, లేదా?" అన్నాను.

"అది నాకూ ఆయనకూ మధ్య బేరం. నువ్వు దళారీవి కాదు," అన్నాడు.

ఆ తర్వాతి సంగతులు. బాలకోటయ్య మళ్ళీ బట్టీ రాజెయ్యలేదు. నా కొట్టం మెరక మీద ఉంది గనక నా సున్నం తడవలేదు. నరసరావుపేటవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాగు ఒడ్డు స్థలం కూడా చివరికి నాకే వచ్చింది. అందులో మాత్రం నేను ఏ సరుకూ పెట్టలేదు. బజారులో నాకు మోసపు తూకం వేసేవాడు లేకుండా పోయాడు. అందరి దగ్గరా తిరిగి నిజం చెప్పి రమ్మని మా నాయన నన్ను రెండు మూడుసార్లు పంపాడు. నేను వెళ్ళి, అది సర్వేశ్వరుడు చేసిన పని, నేను చేసింది కాదు అని చెప్పేవాణ్ణి. వాళ్ళు కన్ను కొట్టి, "అట్టాగేలే శౌరయ్యా," అనేవాళ్ళు. దానివల్ల నాకు ఒక నష్టం లేకపోలేదు. అప్పటి నుంచి నేను ఎవరికైనా ఏదైనా ఊరికే ఇస్తే, తమలపాకు అయినా సరే, తీసుకోరు.

ఏటా ఆరుద్ర రాగానే మీరా సాహెబు ఒక మామిడిపళ్ళ బుట్టతో మా వాకిట్లోకి వచ్చి, ఇబ్బందిగా నిలబడేవాడు. "అంతోని ఈ మధ్య ఏమన్నా అడగతన్నాడేమో కనుక్కుని రమ్మన్నాడయ్యా," అనేవాడు. మా నాయన మంచం మీద నుంచే, "అడగతన్నాడని చెప్పు," అనేవాడు. బాలకోటయ్య నిద్రలేవగానే వేళ్ళు మొహం ముందు పెట్టుకుని చూసుకుంటాడనీ, మబ్బు పడితే తలుపులు వేసుకుని లోపల దీపం పెట్టించుకుంటాడనీ మీరా సాహెబే ఒకసారి నోరు జారి చెప్పాడు. మా నాయన ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. యుద్ధం అయిపోయి, తెల్లవాళ్ళు వెళ్ళిపోయిన రెండేళ్ళకు బాలకోటయ్య పోయాడు. చూపు చివరిదాకా చక్కగా ఉందట. మా నాయన అతని తర్వాత ఇంకొక వానకాలం బతికాడు.

ఇక లెక్క చెప్పి ముగిస్తాను. నాకు వచ్చినవి గోదాముల సరఫరా, ఒక పల్లపు నేల, బజారులో నేను సంపాదించని పేరు. సర్వేశ్వరుడికి ఈ ఊళ్ళో ఆ పని తాలూకు ఘనత ముగ్గురి దగ్గరే దక్కింది: మా నాయన దగ్గర, నా దగ్గర, బాలకోటయ్య దగ్గర. మా నాయనకు వచ్చింది, ఏటేటా ఆరుద్రలో మామిడిపళ్ళ బుట్టతోపాటు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డ బాలకోటయ్య భయం. అతన్ని ఇక వదిలెయ్యమని ప్రేమమ్మ ఎన్నోసార్లు బతిమాలింది. ఆయన ఒక్క ఏడు కూడా వదులుకోలేదు.